పన్నెండో రాక

డాక్టర్ హర్ష మెట్లెక్కి వచ్చేసరికి సుభాషిణి ఒక పెళ్ళికొడుకు గుట్టు విప్పే పనిలో ఉంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో, ఒక నగల దుకాణం మీది గదిలో ఆమె డిటెక్టివ్ ఆఫీసు. పదిహేనేళ్ళుగా ఆ ఊరి వ్యాపారుల ఇళ్ళలో సంబంధం ఖాయం కావాలంటే ముందు ఆమె ఒక మాట చెప్పాలి. అబ్బాయి చదువు నిజమేనా, చేయి తిరిగిన తాగుబోతా, బెంగళూరు గదిలో ఒక్కడే ఉంటున్నాడా, ఇలాంటివే ఆమెకు వచ్చే కేసులు. అందుకే హర్షను చూడగానే సహాయకుడు అస్లాం అతన్ని కూడా పెళ్ళికొడుకు కిందే జమకట్టేశాడు.

అస్లాం నలభై దాటిన మనిషి, ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపాడు. సుభాషిణి తెలివి మీద ఉన్న నమ్మకంలో పదో వంతు తన మీద పెట్టుకున్నా బాగుపడేవాడని అతని భార్య ఆసియా అంటూ ఉంటుంది.

"కూర్చోండి డాక్టరుగారూ," అంది సుభాషిణి. అస్లాం నోరు తెరిచాడు. హర్ష చేతిలోని కవరు మీద మెడికల్ కౌన్సిల్ ముద్ర గడప దగ్గరినుంచే కనబడుతోందన్న సంగతి అతనికి తట్టలేదు.

హర్షది తొండూరు. చదువు, ఉద్యోగం బెంగళూరులో. గుండె డాక్టరుగా అతని పేరు కర్ణాటక కౌన్సిల్లో నమోదై ఉంది. పదకొండు నెలలుగా నెలకో శనివారం జమ్మలమడుగు వచ్చి, పెద్ద డాక్టరు రాఘవేంద్రప్రసాద్ నర్సింగ్ హోమ్‌లో రోగులను చూసి వెళుతున్నాడు. మూడు రోజుల కిందట ఆంధ్ర కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది. ఎవరో సంతకం లేకుండా ఫిర్యాదు చేశారు. రెండు వారాల్లో సంజాయిషీ ఇవ్వకపోతే చర్య తప్పదట.

"నా పేరు పోతే నాకింకేమీ లేదు మేడమ్," అన్నాడు హర్ష. కవరు ఆమె ముందు పెట్టాడు.

తను తప్పు చేయలేదని అతని వాదన. పక్క రాష్ట్రపు డాక్టరు పేరు నమోదు లేకుండా ఇక్కడ బోర్డు కట్టుకుని కూర్చుంటే తప్పే. కానీ ఇక్కడి డాక్టరు ఫలానా రోగి కోసమని పిలిస్తే వచ్చి సలహా చెప్పి వెళ్ళవచ్చునని అతని లాయరు అభిప్రాయం. ప్రాణం మీదికి వచ్చినప్పుడైతే ఆ పిలుపు కూడా అక్కర్లేదట. అందుకే పెద్ద డాక్టరు ప్రతి రాకకూ ముందు రోగుల పేర్లతో ఒక జాబు రాయించి, సంతకం పెట్టి పంపేవాడు. చూసిన తర్వాత హర్ష దాని వెనక తన అభిప్రాయం రాసి తిరిగి ఇచ్చేవాడు. అవన్నీ పెద్ద డాక్టరు బీరువాలో ఒక అట్ట ఫైలులో ఉండేవి. ఇప్పుడు ఆ ఫైలు లేదు.

సుభాషిణి ఫిర్యాదు నకలు తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. టైపు చేసిన ఒక్క పేజీ. పదకొండు తేదీలు వరుసగా ఉన్నాయి. చివర, 'కావున సదరు డాక్టరు గారి పేరు మన రాష్ట్రపు పట్టీలో ఎక్కించవలసినదిగా ప్రార్థన' అని ఉంది. కాగితం మడతలు కూడా నకలులో బూడిద గీతలుగా పడ్డాయి. నిలువునా సన్నని మడతలు, పైనా కిందా లోపలికి మడిచి దోపిన గుర్తులు.

"మీరు వచ్చింది పదకొండు సార్లేనా?"

హర్ష ఫోనులో చూసుకుని పన్నెండు అన్నాడు. జూలైలో ఒక గురువారం అతను పులివెందులలో బంధువుల పెళ్ళిలో ఉండగా పెద్ద డాక్టరు ఫోను చేశాడు, జాబు తర్వాత రాయించాడు. పట్టుపంచెతోనే వెళ్ళాడు. మందుల మోతాదు ఎక్కువై ఒకామెకు గుండె వేగం ముప్పైకి పడిపోయింది. సాయంత్రం దాకా పక్కనే కూర్చుని గాడిలో పెట్టాడు.

"ఆమె మా కాంపౌండరు వెంకటరమణయ్య భార్య, సుబ్బరత్నమ్మ," అన్నాడు. "అప్పటినుంచీ ఆయన నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తాడు. ఆయన్ని మాత్రం అనుమానించకండి."

సుభాషిణి తల ఊపింది. ఒప్పుకున్నట్టా కాదా అన్నది అస్లాంకు అర్థం కాలేదు.

మర్నాడు ఇద్దరూ బస్సులో జమ్మలమడుగు చేరారు. నర్సింగ్ హోమ్ వరండాలో బెంచీల నిండా జనం. పైడిపాళెం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, వీళ్ళను ఆఫీసు మనుషులనుకుని, శనివారం డాక్టరు వస్తాడా రాడా అని అడిగింది. తెలియదంటే వెళ్ళలేదు. తెలిసేదాకా కూర్చుంటానంది.

ఎదురుగా మందుల అంగడి దినేష్‌ది. అతను దాపరికం లేకుండా మాట్లాడాడు. హర్ష వచ్చి వేరేవాళ్ళు రాసిన మందులు సగం చీటీలోంచి కొట్టేస్తాడు, అందుకు తనకు మంటగానే ఉంది. అయితే సంతకం లేని జాబులు రాసే ఖర్మ తనకు లేదన్నాడు. "నాకు కోపమొస్తే నడిబజార్లో నిలబడి అరుస్తా. ఊరంతా వింటాది. ఆ ఫైలు యాడుంటాదో గూడా నాకు తెలీదు," అన్నాడు.

డ్యూటీ డాక్టరు భార్గవికి ముప్పై ఏళ్ళుంటాయి. నెలలో ఇరవై తొమ్మిది రోజులు తను చూసినా, రోగులు ఆ ఒక్క శనివారం గురించే అడుగుతారని చెప్పి చేదుగా నవ్వింది. ఆ నవ్వు అస్లాంకు నచ్చలేదు, పుస్తకంలో ఆమె పేరు కింద గీత గీశాడు. "నేనే రాసి ఉంటే చట్టంలోని సెక్షన్లన్నీ రాసేదాన్ని మేడమ్," అందామె, సుభాషిణి చూపిన నకలు చదివి. "పేరు ఎక్కించండి అని ప్రార్థించేదాన్ని కాదు. ఎక్కించుకోవాలంటే దరఖాస్తు ఆయనే పెట్టుకోవాలి."

కాంపౌండరు వెంకటరమణయ్య మందుల గది కిటికీ దగ్గర ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా అక్కడే. చదువురాని ముసలివాళ్ళకు పొద్దుటి మాత్రలు తెల్ల కాగితంలో, రాత్రివి పసుపు కాగితంలో పొట్లాలు కట్టి ఇస్తున్నాడు. బస్సు కుదుపుకు తలనొప్పిగా ఉందని అస్లాం అంటే, రెండు మాత్రలు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. పెద్ద డాక్టరు చెబుతుంటే పిలుపు జాబులు రాసేది తనేనని ఆయనే చెప్పాడు. ఫైలు సంగతి మాత్రం తెలియదన్నాడు. మీది ఈ ఊరేనా అని సుభాషిణి అడిగింది.

"మాది వేముల ఊరమ్మా. రేషను కార్డు ఈడికి మార్పించినాక ఈడోల్లమే అయిపోయినాం. పేరు యాడుంటే మనిషి ఆడ ఉండాల్సిందే గదా," అన్నాడాయన.

తిరుగు బస్సులో అస్లాం మాత్రలు మింగి కాగితం కిటికీలోంచి పారేయబోతే, సుభాషిణి చేయి పట్టుకుని తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఊళ్ళో చెత్త గురించి ఆమెకు ఇంత పట్టింపు ఎప్పుడొచ్చిందా అని అతను ఆశ్చర్యపోయాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెద్ద డాక్టరు గదిలో అందరూ కూర్చున్నారు. హర్ష బెంగళూరు నుంచి వచ్చాడు. దినేష్ అంగడి మూసి వచ్చానని రెండుసార్లు గుర్తుచేశాడు. భార్గవి గోడకు ఆనుకుని నిలబడింది. వెంకటరమణయ్య అందరికీ టీ అందించి తలుపు దగ్గర నిలుచున్నాడు.

"ఇది పగతో చేసిన పని అనుకున్నంతసేపూ దారి దొరకదు," అని మొదలుపెట్టింది సుభాషిణి. "పగవాడు శిక్షించమని అడుగుతాడు. ఈ ఫిర్యాదులో ఆ మాటే లేదు. పేరు ఇక్కడ ఎక్కించమని మాత్రం ఉంది. అంటే రాసిన మనిషికి హర్షగారు పోవడం కాదు, ఉండడం కావాలి. చట్టం మాత్రం తెలియదు. డాక్టరయితే ఇలా రాయరు, కాబట్టి భార్గవిగారు కాదు. దినేష్‌కు హర్షగారు రాకపోతేనే సుఖం. పైగా ఫైలు ఎక్కడుంటుందో తెలియదు."

దినేష్ ఊపిరి వదిలాడు. అస్లాం తన పుస్తకంలో భార్గవి పేరు కింద గీత మీద మెల్లగా వేలు పెట్టి దాచుకున్నాడు.

సుభాషిణి ఫిర్యాదు నకలును, మందుల పొట్లం కాగితాన్ని పక్కపక్కన బల్ల మీద పరిచింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మడతలు ఒక్కటే. నిలువునా సన్నగా మడిచి, రెండు కొసలూ లోపలికి దోపిన మడతలు. "ఉత్తరం ఎవరూ ఇలా మడవరు. ముప్పై ఏళ్ళు పొట్లాలు కట్టిన చేతికి వేరే మడత రాదు," అంది.

ఎవరూ తలుపు వైపు చూడలేదు. చూడాలనిపించలేదు.

"కానీ నాకు ముందే తెలిసింది తేదీల దగ్గర," అంది, గొంతు తగ్గించి. "హర్షగారు పన్నెండు సార్లు వచ్చారు. ఫిర్యాదులో పదకొండే ఉన్నాయి. లేనిది జూలై గురువారం. ఈయనకు అన్ని తేదీలూ తెలుసు. తన భార్య ప్రాణం నిలబెట్టిన రోజును తప్పుల పట్టీలో రాయడానికి మాత్రం మనసొప్పలేదు."

వెంకటరమణయ్య టీ పళ్ళెం కింద పెట్టాడు.

"నేనే సారూ," అన్నాడు హర్షతో. "ఫైలు గూడా నేనే తీసినా. మా పెట్టెలో ఉండాది. ఆ జాబులుంటే నువ్వు సుట్టానివని వదిలేస్తారు. నువ్వు మల్లా సుట్టం మాదిరే వచ్చి పోతాంటావు. మా ఇంటిదానికి జబ్బు శనివారాలు చూసుకోని రాదు గదా నాయనా. ఆ గురువారం నువ్వు పులివెందలలో ఉన్నావు గాబట్టి సరిపోయింది. పేరు ఈడ ఎక్కితే మనిషి ఈడనే ఉండాలని ఆపీసోల్లే చెప్తారనుకున్నా. నీ పేరు తీసేస్తారని నాకు తెలీదు. దాని మీద ఒట్టు."

హర్ష లేచి ఆయన దగ్గరికి వెళ్ళాడు. తర్వాత, పేరు ఇక్కడ ఎక్కినా తను బెంగళూరులోనే ఉండవచ్చునని చెప్పాడు. రేషను కార్డుకూ డాక్టరు పేరుకూ పొంతన లేదని నెమ్మదిగా, కోపం లేకుండా వివరించాడు.

"అట్టయితే ఈ శనివారం వస్తావు గదా?"

"రాలేను మామా. కౌన్సిల్ తేల్చేదాకా ఇక్కడికొచ్చి ఎవర్నీ చూడొద్దన్నాడు లాయరు. మూడు నెలలైనా పట్టొచ్చు. ఫోనులో సలహా చెప్పడానికి మాత్రం అడ్డు లేదు."

ఆ మాట విన్నాక ఆ ముసలాయన ముఖం చూసి అస్లాం రాయడం ఆపేశాడు. మనిషిని ఇక్కడే ఉంచుకోవాలని చేసిన పని ఆ నెలకో రోజును కూడా ఊడ్చిపెట్టింది. ఆయన ఇంటికి వెళ్ళి ఫైలు తెచ్చాడు. పన్నెండు జాబులూ ఉన్నాయి. చింపాలని కూర్చుని, వాటిలో తన చేత్తో రాసిన రోగుల పేర్లు చదివి చింపలేకపోయానన్నాడు. పెద్ద డాక్టరు ఆయన్ను పని మానమనలేదు. హర్ష ఫైలు తీసుకుని, తన సంజాయిషీలో ఫిర్యాదు చేసిందెవరో రాయనని మాత్రం చెప్పి బస్సెక్కాడు.

ఆ శనివారం పది గంటలకు సుభాషిణి, అస్లాం మళ్ళీ జమ్మలమడుగు వెళ్ళారు. ఫీజు కోసమని ఆమె చెప్పింది. అస్లాం కూడా నమ్మినట్టే తలాడించాడు. సుబ్బరత్నమ్మ కొత్త చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, ఎప్పుడూ డాక్టరు కూర్చునే కుర్చీకి ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. డాక్టరు బస్సు దిగి వస్తున్నాడనుకుంటోంది. మొగుడు ఇంకా నిజం చెప్పలేదు.

భార్గవి నాడి, రక్తపోటు చూసి రాసుకుని ఫోను కలిపింది. తెర మీద హర్ష కనబడ్డాడు. కాళ్ళ వాపు చూపించమన్నాడు. ఏ మాత్ర ఆపాలో, ఏది సగం చేయాలో భార్గవికి చెప్పాడు. వెంకటరమణయ్య రెండు చేతులతో ఫోను పట్టుకుని, భార్యకు కనబడేలా వంగి నిలబడ్డాడు.

"ఏంది నాయనా, ఈసారి రాలేదే?" అంది సుబ్బరత్నమ్మ. "పొద్దున్నుంచి ఎదురు చూస్తాండా. మావోల్లు ఏమన్నా తప్పు చేసినారా?"

వెంకటరమణయ్య కళ్ళు మూసుకున్నాడు. తెర మీద హర్ష ముఖం కెమెరాకు దగ్గరగా వచ్చింది.

"మీవాళ్ళు ఏ తప్పూ చేయలేదమ్మా," అన్నాడు. "నాకే రావడానికి వీలు కాలేదు."