ఓపిక మీటర్

పైడితల్లి పిక్కకు కట్టిన పట్టీ మీద పచ్చదీపం వెలిగింది.

"కండరం భేషుగ్గా ఉంది. ఎక్కడా నొప్పి లేదు, అలసట లేదు," అన్నారు డాక్టర్ షమీమ్.

ఆ పట్టీ పేరు ఓపిక మీటర్. చర్మానికి తెలియనంత సన్నటి కరెంటును కండరంలోకి పంపి, అది తిరిగొచ్చే తీరునుబట్టి లోపల ఎంత సత్తువ మిగిలిందో చెబుతుంది. ఆడగలిగితే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. కబడ్డీ కోచ్ సింహాద్రి మాస్టారు దాన్ని పట్టుబట్టి కాలేజీకి తెప్పించారు. ఆటగాళ్లకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చే కాలేజీ అది. నియమం కూడా ఆయన రాసిందే: ఎర్రదీపం వస్తే కూర్చోవచ్చు, స్టైపెండ్ ఆగదు. పచ్చదీపం వచ్చీ కూర్చుంటే ఆగిపోతుంది. తిన్న కూటికి పని చెయ్యకపోవడం దొంగతనమని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క పూట మైదానానికి ఆలస్యంగా రాలేదు.

"పద, సెమీఫైనల్‌కి టైమవుతోంది," అన్నారు మాస్టారు.

"నేనాడను మాస్టారూ."

"ఏటే?"

"వచ్చేవారం రాష్ట్ర జట్టు సెలక్షన్లు. ఈలోగా కాలు మెలిపడితే నా బతుకు అక్కడితో సరి. అందుకే ఆడను."

"కాలు నొప్పని చెప్పినా జాలిపడేవాడిని."

"నొప్పి నేదు కదండీ."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే స్టైపెండ్ ఆపించారు. పైడి హాస్టల్ ఖర్చు దాంతోనే నడిచేది. ఆమె గది ఖాళీ చెయ్యడానికి సామాను సర్దుకోసాగింది. ఆమె లేకుండానే జట్టు సెమీస్ గెలిచింది. "చూశారా డాక్టరమ్మా, నియమమంటే ఇదీ!" అన్నారు మాస్టారు.

ఫైనల్ రోజు ఉదయం కెప్టెన్ కుమారికి పట్టీ కట్టారు. ఎర్రదీపం. తరవాతి పిల్లకీ ఎరుపే. ఆ తరవాతి పిల్లకీ అంతే. జట్టంతా వరసగా బెంచీ మీద కూలబడింది. కాళ్లు వణుకుతున్నాయి.

"నిన్న ప్రాక్టీసే లేదే! ఏం చేశారు మీరు?" అన్నారు మాస్టారు.

కుమారి తలొంచుకుని గొణిగింది. "తెల్లారకముందే వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కి దిగామండి. కాళ్లు పడిపోయేదాకా. సెలక్షన్లు మాకూ ఉన్నాయి కదా మాస్టారూ. రేపటికి తేరుకుంటాం. పైడిలాగ నోటితో చెప్పి రోడ్డున పడమంటారా?"

మాస్టారు డాక్టర్ వైపు తిరిగారు. "మీ మిషను మోసపోయిందమ్మా."

"లేదండీ. వాళ్ల కాళ్లలో సత్తువ నిజంగానే లేదు. ఎందుకు లేదన్నది దానికి అక్కర్లేదు. అది మనం చూసుకోవాల్సింది."

ఆ పూట ఆట జరక్కుండానే కప్పు అవతలి కాలేజీకి వెళ్లిపోయింది. నియమం ప్రకారం జట్టులో ఎవరి స్టైపెండూ ఆగలేదు.

మాస్టారు హాస్టల్‌కి వెళ్లేసరికి పైడి ట్రంకుపెట్టెతో గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంది.

"ఆ మెట్ల సంగతి నీకు తెలీదేటే?"

"తెలుసండి. కుమారి నన్నూ రమ్మంది."

"మరెందుకు వెళ్లలేదు?"

"ఆట ఆడనన్నాను గానీ మాస్టారూ, అబద్ధం ఆడతానన్లేదు కదా." ఆటో వచ్చింది. పైడి వంగి ఆయన పాదాలకు దణ్ణం పెట్టి ఎక్కింది. ఆగమనడానికి ఆయన నోరు తెరిచారు గానీ, ఏ నియమం చూపించి ఆపాలో తోచలేదు.

నెల తిరిగేసరికి ప్రిన్సిపాల్ గారు పిలిపించి చెయ్యి కలిపారు. "అద్భుతం మాస్టారూ! మీ మీటర్ వచ్చాక, ఓపిక ఉండీ ఆడనన్నవాళ్లు మన కాలేజీలో ఒక్కరూ లేరు."

"లేరండి," అన్నారు సింహాద్రి మాస్టారు. "నిజం చెప్పే పిల్ల ఒక్కతే ఉండేది. దాన్ని మనమే పంపించేశాం."