సర్దితే చచ్చే పలక

వజ్రకూట రాజ్యానికి ఒక పెద్ద కష్టం వచ్చిపడింది. ఆ కష్టం పేరు చండవిక్రముడు. అతనే ఆ రాజ్యానికి రాజు. అతను కవిత్వం రాసేవాడు, రాసిందల్లా సభలో చదివేవాడు, మెచ్చుకోనివాళ్ల నాలుక కోయించేవాడు. అందుచేత ఆ రాజ్యంలో చాలామంది మూగవాళ్లు. మిగిలినవాళ్లందరూ సాహిత్యాభిమానులు.

ఒకనాడు రాజు కొత్త పద్యం చదువుతుండగా, వంటశాలకు కట్టెలు తెచ్చిన ముత్యాలు అనే పిల్ల ఫక్కున నవ్వింది. ఆ పిల్ల చక్కగా పాడుతుందని ఊరంతా ఎరుగును. కనుక రాజు ఆమె నాలుక కోయించలేదు, అంతకంటే చెడ్డ పని చేశాడు. ఆస్థాన మాంత్రికుడు శంబరుణ్ణి పిలిచి, ఆమెను కోటలోని తన కంప్యూటర్‌లో బంధించమన్నాడు. శంబరుడు మంత్రం చదివేసరికి ముత్యాలు ఉప్పుకల్లులా కరిగి కంప్యూటర్ డిస్కులోకి ఇంకిపోయింది. ఆనాటి నుంచి ఏమీ తోచనప్పుడల్లా రాజు మీట నొక్కేవాడు. ముత్యాలు స్క్రీన్ మీద కనిపించి, ఏడుస్తూ పాడేది.

రాక్షసుల కాలంలో కంప్యూటర్ ఎక్కడిదని అడగకండి. రాక్షసులను నమ్మేవాళ్లు దీన్ని కూడా నమ్మవచ్చు.

ఆ డిస్కు పాతకాలపుది. లోపల ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంది, దాని మీద సన్నని ముల్లు ఒకటి అటూ ఇటూ పరుగెడుతుంది. తిరిగి తిరిగి అరిగిపోయి, అది టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. టిక్కుమన్నప్పుడల్లా ముత్యాలుకు ఒక జ్ఞాపకం పోయేది. మొదట తమ వీధి గుర్తు పోయింది. తర్వాత తనకిష్టమైన పాటలో సగం పోయింది. ఒకరోజు అమ్మ ముఖం పోయింది. రాజుకు ఇవేవీ పట్టలేదు. పాట మధ్యలో ఆగిపోతోందని మాత్రం విసుక్కుని, కంప్యూటర్‌ను బాగుచేసినవారికి కోరింది ఇస్తానని చాటింపు వేయించాడు.

చాటింపు విని ముత్యాలు అక్క వరాలు సభకు వచ్చింది. తండ్రి పోయాక ఆయన గొడ్డలి పట్టుకుని అడవిలో కట్టెలు కొట్టి, తల్లిని, చెల్లెల్ని పోషించింది ఈ వరాలే.

"అడవి అవతల కాలజిహ్వ అనే రాక్షసి దగ్గర తిరగని డిస్కు ఉందట ప్రభూ. దాన్ని తెచ్చి పెడతాను. మా చెల్లెల్ని వదిలేయండి," అంది.

"తెచ్చి పెట్టు. ఏడాది పాటు చెడిపోకుండా చూడు. అప్పుడు వదులుతాను," అన్నాడు రాజు. "ఈలోగా చెడిపోయిందో, నీ చెల్లెలూ పోతుంది, నీ తలా పోతుంది."

వరాలు సరేనని బయలుదేరింది.

అడవి నడుమ దారి రెండుగా చీలింది. అక్కడ స్థాణుముని అనే తాపసి కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన చుట్టూ మనుషులంత ఎత్తు పుట్టలున్నాయి. ఒక పుట్టలోంచి ఒక చేయి బయటికి వచ్చి ఉంది. వరాలు ఆయన్ని పలకరించలేదు. ఎదురుగా కూర్చుని, పుల్ల కూడా కదపకుండా ఎదురుచూసింది. చాలాసేపటికి ముని కళ్లు తెరిచాడు.

"దారి అడగవేం?" అన్నాడు.

"మిమ్మల్ని కదిపినవాళ్లు ఏమయ్యారో కనిపిస్తూనే ఉంది స్వామీ."

"ఊరికే ఉన్నదాన్ని ఊరికే ఉండనివ్వడం చేతనైంది నీకు. నువ్వు వెతికే ఆ తిరగని పలక నీ చేతిలో బతుకుతుంది," అని ముని ఎడమ దారి చూపి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. పుట్టలోని చేయి తననూ తీసుకుపొమ్మన్నట్టు వేళ్లు ఆడించింది. వరాలు గొడ్డలితో పుట్టను తవ్వబోయింది కాని, ముని కనుబొమ్మ ముడిపడటం చూసి ఆగిపోయింది. ఆమె వెనక్కి చూడకుండా నడిచింది. ఆ చేయి ఆమెకు చాలాకాలం కలలోకి వచ్చేది.

ఎడమ దారి చివర ఒక గుహ ఉంది. గుహ ముందు బూడిద కుప్పలు, వాటి మీద రాకుమారుల కిరీటాలు పడి ఉన్నాయి. వాకిలికి అడ్డంగా మెరుపుపాము చుట్టుకుని ఉంది.

"నడిచొచ్చిన ప్రతివాడి ఒంటి మీదా నా పిల్లలు, కంటికి కనిపించని చిన్న మెరుపులు, దాగి ఉంటాయి," అంది పాము. "పట్టుబట్టలు కట్టినవాడి మీద మరీ ఎక్కువ. వాటిలో ఒక్కటి తాకినా లోపలి పలక మాడిపోతుంది. అందుకని ముందే నేను మనిషిని మాడ్చేస్తాను."

వరాలు గొడ్డలిని తడినేలలోకి దిగేసి, దాని ఇనుమును గట్టిగా పట్టుకుంది. చుర్రుమంది.

"నీ పిల్లలు నేలలోకి దిగిపోయాయి. వెతుక్కో," అంది.

పాము ఘొల్లుమంటూ నేలను చీల్చుకుని వాటి వెంట పోయింది. మళ్లీ పైకి రాలేదు.

గుహలో కాలజిహ్వ నల్లని నాలుకతో రాళ్లు నాకుతూ కూర్చుంది. చుట్టూ గోడలకు అరచేయంత పలకలు వేలాడుతున్నాయి. వాటిలో చాలా వరకు చచ్చినవే.

"మీ మనుషులు దీన్ని ఎస్సెస్డీ అంటారట. నాకు నోరు తిరగదు," అంటూ రాక్షసి ఒక పలక తీసింది. అందులో తేనెపట్టులా సన్నని గదులున్నాయి. ఒక గదిలో చిన్న చిలక ఉంది. "ఈ గదిలో నీ పేరు రాయి పిల్లా. చెరుపు. మళ్లీ రాయి. ఆపితే తింటాను."

వరాలు రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. రాసిన ప్రతిసారీ చిలక రంగు వెలిసింది. చివరికి గదితోపాటు చిలక కూడా చచ్చింది. వరాలుకు ఏడుపొచ్చింది.

"నోటితో చెప్పొచ్చుగా. దాన్నెందుకు చంపించావు?"

"నోటితో చెబితే మీరు వింటారా? ఇప్పుడు జన్మలో మరిచిపోవు," అంది కాలజిహ్వ. "ఇందులో ఏ గదైనా కొన్నిసార్లు రాస్తేనే ఓర్చుకుంటుంది. ఊరికే రాయకు. గదులన్నీ నింపెయ్యకు, కొన్ని ఖాళీగా ఉంచు. ఏదైనా చెరిపితే ఆ గది ఖాళీ అయిందని పలకకు చెప్పు, తీరిక చూసుకుని అదే ఊడ్చుకుంటుంది. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి మూల పడెయ్యకు, అన్నీ మరిచిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని సర్దకు. పాత పళ్లెంలో ముల్లు పరుగెత్తాలి కాబట్టి చెల్లాచెదురైనవి ఒకచోట చేర్చేవాళ్లు. ఇందులో ఏ గదికైనా రెప్పపాటే. సర్దడమంటే మళ్లీ మళ్లీ రాయడమే."

"ఇంత చూసినా ఇది చెడిపోతే?"

"చెడిపోవచ్చు. దేన్నీ నమ్మకు, నన్ను కూడా."

"అయితే రెండో పలక కూడా ఇయ్యి. నకలు దాచుకుంటాను."

రాక్షసి పెద్దగా నవ్వింది. "మొదటిదానికి వెల లేదు. దాన్ని ఎవరు చంపితే వాళ్లను నేను వచ్చి తింటాను, అంతే. రెండోదానికి నీ చిటికెన వేలు కావాలి."

వరాలు ఎడమ చేయి బండ మీద పెట్టి, తండ్రి గొడ్డలి ఎత్తింది. కాలజిహ్వ ఆ వేలిని పకోడీలా నమిలి, పలకలు రెండూ ఆమె ఒళ్లో పడేసింది.

వరాలు చేతికి గుడ్డ చుట్టుకుని కోటకు తిరిగివచ్చింది. కంప్యూటర్ ఆపించింది, తీగ పీకించింది, గొడ్డలి ఇనుము తాకి పెట్టె విప్పింది. పలకను బిగించి, కేబుల్ తగిలించి, పాత డిస్కులో ఉన్నదంతా దానిలోకి నకలు తీసింది. తీరా మీట నొక్కితే మళ్లీ టిక్కు టిక్కుమంది. శంబరుడు మీసం చాటున నవ్వాడు. కొత్త పలక ఉన్నా, కంప్యూటర్ అలవాటుగా పాత డిస్కుతోనే నిద్ర లేస్తోంది. వరాలు కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత కంప్యూటర్ లేచీ లేవకముందే దాన్ని ఆపి, ఏది ముందో అడిగే చోట కొత్త పలకను ముందు పెట్టింది. ఈసారి చప్పుడే లేదు. రెప్పపాటులో ముత్యాలు స్క్రీన్ మీదికి వచ్చి గుక్క తిప్పుకోకుండా పాట పాడింది. అంతకుముందే పోయిన పాట సగం మాత్రం పోయినట్టే ఉంది.

మెలకువగా ఉన్న ముత్యాలు ఒక్కతే. నిద్రపోయే నకలును వరాలు రెండో పలకలో ఉంచి, దాన్ని గొడ్డలి పిడిలో దాచింది. వారం వారం దాన్ని తాజా చేసుకునేది.

తరువాతి శుక్రవారం రాజు తలంటు పోసుకుని వచ్చాడు. ఆ కోటలో తాతల నాటి నుంచి ఒక ఆచారం ఉంది. శుక్రవారం తలంట్లు కాగానే సన్నాయి వాయించి డిస్కును సర్దేవారు.

"దీనికి సర్దుడు వద్దు ప్రభూ, చచ్చిపోతుంది," అంది వరాలు. "దీన్ని చంపినవాళ్లను కాలజిహ్వ వచ్చి తింటుంది. ఇది ఆమె పెట్టిన షరతు. సభలో అందరూ వినాలనే చెబుతున్నాను."

"ఎప్పుడో వచ్చే రాక్షసికి నేను భయపడాలా? చచ్చిపోతుందంటే సర్దడంలో ఇంకా సరదా," అన్నాడు రాజు. "ఇకపై శుక్రవారమే కాదు, రోజూ సర్దండి. ఖాళీ గదులన్నిటిలో నా పద్యాలు నింపండి. పొద్దున రాసి సాయంత్రం చెరపండి."

రోజూ సన్నాయి మోగింది. రోజూ ముత్యాలు రంగు వెలిసింది. "అక్కా, ఒళ్లంతా గీస్తున్నారే," అని స్క్రీన్ లోంచి ఏడ్చేది. వరాలు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఆమెలో కోపం ఎంత ఉందో గొడ్డలి పిడి ఒక్కదానికే తెలుసు. ఏడాది తిరగకముందే, ఒక ఉదయం, స్క్రీన్ నల్లబడి మళ్లీ వెలగలేదు.

"తలారిని పిలవండి," అన్నాడు రాజు ఉల్లాసంగా.

తలారి కంటే ముందు కాలజిహ్వ వచ్చింది.

"నా పలకను చంపిందెవరు?"

"అదిగో, ఆ పిల్ల," అని రాజు వరాలును చూపించాడు.

రాక్షసి పలకను ఊడదీసి నాలుకకు అద్దుకుంది. ముఖం వికారంగా పెట్టింది. "ప్రతి గదిలోనూ పద్యాలే. అందులోనూ ఎంత చెడ్డ పద్యాలు." ఇలా అని రాజును కిరీటంతో సహా మింగేసింది. సభలో ఎవరూ కిమ్మనలేదు. వాళ్లలో చాలామందికి నాలుకలు లేవు. ఉన్నవాళ్లకు చెప్పవలసింది ఏమీ కనిపించలేదు.

శంబరుడు వణుకుతూ వరాలు కాళ్ల మీద పడ్డాడు. గొడ్డలి పిడిలోని పలక మీద మంత్రం వెనక్కి చదివి, ముత్యాలును బయటికి తీశాడు. పని పూర్తి కాగానే కాలజిహ్వ అతన్ని పాత డిస్కులోకి ఊదేసి వెళ్లిపోయింది.

ప్రజలు వరాలును రాణిని చేశారు. పెళ్లాడతామని వచ్చిన రాకుమారులు తొమ్మిది వేళ్ల రాణి చేతిలో గొడ్డలి చూసి, కుశలం అడిగి వెనక్కి పోయారు. ఆమె చల్లగా రాజ్యం ఏలింది. తాతల నాటి ఆచారాల్లో ఒక్కటి మాత్రం మార్చలేదు. ప్రతి శుక్రవారం సన్నాయి వాయించి శంబరుడున్న పాత డిస్కును సర్దించేది. అది టిక్కుమన్నప్పుడల్లా అతనికి ఒక మంత్రం పోయేది.

ముత్యాలు బయటికి వచ్చిన రోజున వరాలు ఆమెను ఇంటికి తీసుకువెళ్లింది. తల్లి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి చేతులు చాచింది. ముత్యాలు అక్క చాటుకు వెళ్లింది.

"ఎవరక్కా ఈవిడ?" అని అడిగింది.

పళ్లెం టిక్కుమనకముందే నకలు తీసి ఉంటే ఆ మాట వినవలసి వచ్చేది కాదు. తల్లి చాచిన చేతులు దించలేదు.

"పోనీలే తల్లీ. పుట్టినప్పుడు మాత్రం నన్ను ఎరుగుదువా? రా, అన్నం తిందువుగాని."