గొర్లమ్మి కొన్న మోటరు

పర్వతాలుకు ఆ పొద్దు మెలకువ వచ్చేసరికి వాకిట్లో చీపురు చప్పుడు, దాంతోపాటే తల్లి తిట్లు వినిపించాయి. తిట్లు కోళ్లకు. కారు కింద గుడ్లు పెట్టడం మరిగిన ఆ కోళ్లను సోమమ్మ రోజూ తిడుతుంది, అవి రోజూ అక్కడే పెడతాయి. ఎవరి పట్టు వాళ్లది.

వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లేటప్పుడు కూడా సోమమ్మకు ముందు కారు, ఆ తర్వాతే గడప. భర్త గోపయ్య పోయి ఏడాది అవుతోంది. అప్పటినుంచీ ఆ కారు గొర్ల దొడ్డి పక్కన కదలకుండా నిలబడి ఉంది. నల్లరంగు వెలిసిపోయింది. ముందు దీపం ఒకటి పగిలింది. వెనక సీటు చిరిగి పీచు బయటికి వచ్చింది. అయినా ఎవరైనా దానిమీద చెయ్యి వేస్తే సోమమ్మ ఊరుకునేది కాదు. అంత ప్రాణంగా చూసుకుంటుందా, ఇన్నేళ్లలో ఒక్కసారైనా అందులో కూర్చున్న పాపాన పోలేదు. "నాకు కడుపుల తిప్పుతది" అనేది. ఊరు నమ్మింది. పర్వతాలూ నమ్మాడు.

నిజం చెప్పాలంటే పర్వతాలుకు ఆ కారంటే ఒళ్లు మంట. కొత్తకోట చుట్టుపక్కల గోపయ్య మందంత మంద మరొకటి లేని రోజులుండేవి. జాగీర్లు పోయిన కొత్తల్లో గడిలో దొర సామాను అమ్ముకుంటుంటే, ఈ మహానుభావుడు సగానికి పైగా మందను అమ్మి దొరవారి పాత మోటరు కొనుక్కొచ్చాడు. ఊరంతా నవ్వింది. "గొర్లమ్మి మోటరు కొన్న గోపయ్య" అనే పేరు చచ్చేదాకా వదల్లేదు. పోనీ కిరాయికి తిప్పి నాలుగు రాళ్లు సంపాదించాడా అంటే, నొప్పులు పడే ఆడమనిషి ఎక్కితే కిరాయి ముట్టేవాడు కాదు. అదేం చిత్రమో, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లందరికీ ఈయన ఇంటిముందే నొప్పులు వచ్చేవి.

మిగిలిన గొర్రెలను పోయినేడు కరువు, రోగం కలిసి మింగేశాయి. మందలున్న ఇంట పుట్టిన పర్వతాలు ఇప్పుడు జీతానికి ఇంకొకళ్ల జీవాల వెనక నడుస్తున్నాడు. పొద్దుటిపూట ఖాళీ దొడ్డిని చూడలేక మొహం తిప్పుకుని పోతాడు.

ఈ కారుకు ఇప్పుడు ఇద్దరు ఆశపడ్డారు. ఒకరు పక్క ఊరి దశరథం. ఇంజను ఊడదీసి బావికి పెట్టుకుంటానని, బదులుగా తన గొర్రెలు ఇస్తానని అన్నాడు. రెండో ఆవిడ కొత్తకోట దవాఖాన నర్సు హనుమమ్మ. కాన్పులకు బండి లేక ప్రాణాలు పోతున్నాయనీ, ధర్మంగా ఇస్తే డ్రైవరునూ పెట్రోలునూ పంచాయితీవాళ్లు చూసుకుంటారనీ చెప్పి వెళ్లింది. పర్వతాలు రెండోమాట లేకుండా దశరథానికే మాట ఇచ్చాడు. కారు తోలడం తండ్రి దగ్గర ఎప్పుడో నేర్చుకున్నవాడే, నిన్న సాయంత్రం పెట్రోలు పోసి, ముందు ఇనుప హాండిలు పెట్టి తిప్పి, ఇంజను ఆడించి కూడా చూసుకున్నాడు.

"అమ్మా, ఇయ్యాల దశరథం మామ వస్తడు. జర మంచిగ మాట్లాడు."

"నేనెప్పుడు చెడ్డగ మాట్లాడిన్రా?"

లోపల పొయ్యి ముందున్న కోడలు ఈదమ్మకు నవ్వొచ్చి, దగ్గినట్టు చేసింది.

"మరి నర్సమ్మకు ఏం చెప్పాలె?" సోమమ్మ చీపురు పక్కనపెట్టి అడిగింది.

"మా కడుపులు నిండినంక ధర్మం చేస్తమని చెప్పు. నాయిన చేసిన ధర్మాలకే దొడ్డి ఎండిపాయె."

"మోటరును ముక్కలు చేస్తడట గద?"

"ఇంజను బాయికాడ పెడ్తడు. నీళ్లు తోడుతది. అది సుత పనికొచ్చే పనే గద?"

"పనికొచ్చే పనే" అంది సోమమ్మ, తలవంచుకుని. తల్లి అంత తొందరగా ఒప్పుకుందంటే ఏదో ఉందని పర్వతాలుకు తట్టి ఉండాల్సింది. గొర్రెల ధ్యాసలో ఉన్నవాడికి ఏం తడుతుంది!

పొద్దు బారెడెక్కేసరికి దశరథం వచ్చాడు. ముందు ఎడ్లబండి, బండిలో గొర్రెపిల్లలు, వెనక అరుచుకుంటూ తల్లి గొర్రెలు. పర్వతాలు ఒక్క ఉదుటున దొడ్డి తడిక తీశాడు. ఒక్కొక్కదాని వీపు నిమిరాడు, పళ్లు చూశాడు. ఒక ఎర్రగొర్రె వచ్చి అతని వేళ్లమీది ఉప్పు చెమటను నాకింది. ఏడాదిగా చచ్చిపడి ఉన్న దొడ్డిలో మళ్లీ గొర్రె వాసన వచ్చింది.

"ఇగ మోటరు లేపు, పర్వతాలు" అన్నాడు దశరథం.

నిన్న సీటు మీద పెట్టిన హాండిలు అక్కడ లేదు. కారు కింద చూశాడు. కోడిగుడ్డు ఉంది గాని హాండిలు లేదు. తలెత్తి చూస్తే తల్లి గడపమీద కూర్చుని ఉంది, కొంగు కింద ఇనుప కొన కనిపిస్తోంది.

"అమ్మా, గది ఇటియ్యి."

"ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"అమ్మేటోళ్లు పలుపు ఇస్తరార? ఎద్దునమ్మినా, బర్రెనమ్మినా మన తాడు మనం ఇప్పుకుంటం. కొన్నోడు తన తాడు తెచ్చుకుంటడు. తాడు సుత ఇస్తే కొట్టమే వట్టిపోతది. ధర్మమిచ్చినప్పుడు, ఆడబిడ్డకు పెట్టినప్పుడు పలుపుతోటి ఇస్తం. నువ్వేమో అమ్ముతున్నవ్. గీ హాండిలే దాని పలుపు."

"అది ఎద్దు గాదమ్మా, మోటరు!"

"ఏదైతేంది, మన వాకిట్ల కట్టేసున్నదే గద!"

దశరథం తొడ చరుచుకుని నవ్వాడు. "అక్క చెప్పింది నాయమే. నా పలుపు నేను కమ్మరోనితోని కొట్టిపిచ్చుకుంట. నువ్వేం ఫికర్ చెయ్యకు" అని, బండి ఎడ్లను విప్పి, మోకుతో కారు ముందు కట్టాడు.

ఎడ్లు లాగాయి. కారు మూలిగి కదిలింది. దొడ్డి వారన గుంతలో ముందు చక్రం దిగబడింది. దశరథం అదిలిస్తూ ములుకోల ఎత్తాడు. బలమంతా పెట్టి లాగిన ఎలపటి ఎద్దు ముందుకాళ్లు మడిచి కూలబడింది.

"కొట్టకు!" సోమమ్మ కేక వేసి లేచింది. ఆమె ఒళ్లోని హాండిలు ఖంగున రాతిమీద పడింది. "కొట్టకు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత! ఎంత కొట్టినా అవి లేవవు. గా వాగుల సుత గట్లనే... గట్లనే కూలబడ్డయి..."

పర్వతాలు పరిగెత్తుకొచ్చి తల్లిని పట్టుకున్నాడు.

"ఏ వాగు? ఏమంటున్నవమ్మా?"

"మీ అక్క రా. బక్కమ్మ."

అక్క చనిపోయిన ఎండాకాలం పర్వతాలు మందతో వలసపోయి కృష్ణ ఒడ్డున ఉన్నాడు. మీసాలైనా రాని వయసు. తిరిగొచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి.

"అక్క జరంతోని పోయిందంటిరి గద?"

"జరం గాదు. పురిటికి వచ్చింది మనింటికి. బిడ్డ అడ్డం తిరిగింది, పట్నం దవాఖానకు తీస్కపోతే తప్ప బతకదని మంత్రసాని చెప్పింది. మీ నాయిన గడికి ఉరికిండు. మోటరు గేటుకాడనే ఉన్నది, తుడుస్తున్నరు. మొక్కిండు, బతిమిలాడిండు. పురిటి మనిషిని ఎక్కిస్తే బండి మైలపడ్తదన్నరు. దొరసాని పేరంటానికి పోవాలెనట." సోమమ్మ కళ్లు తుడుచుకోలేదు. "ఎడ్లబండి కట్టినం. వాగు ఇసుకల చక్రం దిగబడె. ఎడ్లు కూలబడె. మీ నాయిన కొట్టుకుంట ఏడుసుడు, ఏడ్సుకుంట కొట్టుడు. అది నా ఒళ్లనే పాయె, కడుపుల పిల్లతోటి."

పర్వతాలు గడి వైపు తల తిప్పాడు.

"నీకు చెప్తే గడి మీదికి పోతవు, నీ బొక్కలిరగ్గొడ్తరని మీ నాయిన జరమని చెప్పిండు. గా ఎన్క చెప్పేటందుకు ఇద్దరికీ నోరు రాలె. దొర అమ్ముకునే కాలమొచ్చినప్పుడు గదే మోటరు గావాలన్నడు. ఇంకోటి మంచిది చూపిస్తమన్నా ఇనలె. మందమ్మిండు."

"మరి నువ్వెందుకెక్కలె?"

"నా బిడ్డ ఎక్కనిది నేనెట్ల ఎక్కుదురా?"

గోపయ్య మంచాన పడే ముందు పర్వతాలు ఒక మాటన్నాడు. "నీ మోటరు మోజుకు మా నోట్ల మన్ను గొట్టినవ్ నాయినా" అన్నాడు. గోపయ్య పైగుడ్డతో కారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి పర్వతాలు నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చంటివాణ్ణి చంకనేసుకుని ఈదమ్మ దగ్గరికి వచ్చింది. "వీడు పుట్టేటప్పుడు నన్ను గీ మోటర్లనే తీస్కపోయిండు మామ. వాగు దాటంగనే, 'దాటినం బిడ్డా, దాటినం' అన్నడు. నాతోననే అనుకున్న నేను."

కాసేపటికి పర్వతాలు లేచి వెళ్లి ఎద్దును లేపాడు. దాని మోకాలు తుడిచి, కారుకున్న మోకు విప్పాడు. దొడ్డిలో గొర్రెలు అరుస్తున్నాయి. వాటివైపు చూడకుండానే అన్నాడు.

"మామా, మోటరు ఇయ్యలేను. మాట తప్పుతున్న. నీ జీవాలను తోలుకపో."

"పొద్దుగాల్నుంచి ఎండల తోలుకొస్తినిరా!" దశరథం ముందు విసుక్కున్నాడు. సోమమ్మ మొహం చూసి గొంతు తగ్గించాడు. గోపయ్య కారులో దవాఖానకు పోయినవాళ్లలో అతని బిడ్డ కూడా ఉంది. ములుకోల చంకన పెట్టుకుని ఎడ్లను మళ్లీ బండికి కట్టబోయాడు.

"పాలుకు ఇస్తవా?" అని పర్వతాలు ఉన్నట్టుండి అడిగాడు. "ఎండనక వాననక నేను మేపుత. ఈనిన పిల్లల్ల సగం నీకు, సగం నాకు."

"కాసేటోడు లేకనే గద ఇచ్చేస్తనన్న. నువ్వు మేపుతనంటే నాకేమి నొప్పి? ఉంచుకో. ఇంజను ఇంకెక్కడన్న చూసుకుంట." పోతూపోతూ, "ఎర్రది జర చిలిపిది, తడిక దుంకుతది. పైలం" అని హెచ్చరించాడు.

అమ్మితే మంద మొత్తం తనదయ్యేది. ఇప్పుడు సగం పిల్లలకోసం ఏళ్ల తరబడి నడవాలి. పర్వతాలుకు ఆ లెక్క తెలియక కాదు. తెలిసే రాతిమీద పడిన హాండిలును తీసుకుని దుమ్ము దులిపాడు.

"అమ్మా, అమ్ముత లేను. నర్సమ్మకు ఇచ్చొద్దాం. పలుపుతోటే ఇద్దాం."

పక్కింటివాళ్లు చెయ్యి వేస్తే కారు గుంతలోంచి వెనక్కి వచ్చింది. నాలుగుసార్లు తిప్పితే ఇంజను దగ్గి, తుమ్మి, అందుకుంది. కోళ్లు చెల్లాచెదరయ్యాయి. పర్వతాలు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కమ్మా."

"నేనెందుకురా..."

"అక్క జాగాల కూసో. ఒక్కపారి."

సోమమ్మ ఈదమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కింది. చిరిగిన సీటుమీద ఒక అంచున ఒదిగి కూర్చుని, మిగిలిన జాగా అంతా ఖాళీగా వదిలింది. ఆ ఖాళీమీద అరచెయ్యి ఆనించింది. దారిలో గడి కూలిన గోడ వచ్చింది, అటు చూడలేదు. వాగు వచ్చేసరికి మాత్రం కళ్లు గట్టిగా మూసుకుంది. చక్రాల కింద ఇసుక కరకరమంది. నీళ్లు చింది తలుపుకు తగిలాయి. కారు ఒక్కసారి ఊగి గట్టెక్కింది.

"దాటినం అమ్మా" అన్నాడు పర్వతాలు.

సోమమ్మ కళ్లు తెరిచి వెనక్కి తిరిగి చూసింది. వాగు అప్పుడే వెనకబడింది.

"దాటినమా? గింతసేపేనారా?" అంది. "గింతసేపేనా, కొడుకా?"

పర్వతాలు కళ్లకు ముందున్న దారి మసకబారింది. మణికట్టుతో కళ్లు తుడుచుకుని, కొత్తకోట వైపు బండి పోనిచ్చాడు.