కలప డిపో మలుపులో ఆడగొంతు

చీకటి పడ్డాక కలప డిపో మలుపు తిరగాలంటే ఆ ఊళ్ళో ఎంతటివాళ్ళకైనా కాళ్ళు వెనక్కి లాగేవట.

పగలు చూస్తే ఏముంది? ఒక పక్క డిపో గోడ, ఇంకో పక్క ముళ్ళకంప, మధ్యలో వాలుగా దిగి ఎడమకి గిర్రున తిరిగే రోడ్డు. కానీ సాయంత్రం ఏడు దాటిందా... గోడ వెనక ఇళ్ళవాళ్ళు తలుపులు బిగించుకునేవారు. ముందు ఎవరో పళ్ళు నూరుతున్నట్టు గర్ర్‌ర్... వెంటనే ఒక ఆడగొంతు —

"వదులు... వదిలెయ్... వదిలెయ్యమంటున్నానా!"

దుంగ కింద పడి చచ్చిపోయిన కూలిమనిషి అన్నారు కొందరు. కాదు, మొగుడు పీక నొక్కేసిన ఇల్లాలు అన్నారు ఇంకొందరు. అసలు ఆ డిపోలో ఎవరూ చచ్చిపోలేదన్న సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

డ్రైవింగ్ టీచరమ్మ ఈ కబుర్లు విని నవ్వేసేది. బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలియనివాళ్ళ పక్కన పదహారేళ్ళు కూర్చున్న మనిషి, దెయ్యానికి జడుస్తుందా?

జడిసింది.

ఎందుకంటే ఆ గర్ర్‌ర్ ఆవిడ కారులోకే వచ్చేసింది. సరిగ్గా ఆ మలుపులోనే... కాళ్ళ కింద నుంచి. మలుపు దాటగానే మాయం. ఆడగొంతు మాత్రం ఆవిడకి ఒక్కసారీ వినపడలేదు. అదే అదృష్టం అనుకునేది.

శిష్యుల గుండెలు అంత గట్టివి కావు. ఒక టైలరు స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకున్నాడు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ అక్కడే దిగిపోయి, "నేను నడిచి పోతాను మేడమ్, నాకు నడకంటే ఇష్టం" అని చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. తొమ్మిది మందిలో నలుగురు మిగిలారు. ఉన్నది ఒక్క కారు. ఇలాగే సాగితే స్కూలు బోర్డు దించెయ్యాల్సిందే.

చివరికి మరిది షెడ్డుకి తీసుకెళ్ళింది. ఏ బండి రోగమైనా చెవితో పట్టేస్తాడని అతనికి పేరు. స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాడు. షెడ్డు ముందు మెల్లగా చుట్లు కొట్టాడు. చప్పుడు లేదు.

"వదినా, బండి బంగారం. రోగం మలుపుకే. ఆ దారి మానెయ్."

"లైసెన్సు పరీక్ష పెట్టేది ఆ దారిలోనే. ఎలా మానను? ఈ సాయంత్రం నువ్వే నడిపి చూడు."

"సాయంత్రమా? పగలు చూద్దాం వదినా..."

"పగలు నీకు షెడ్డు, నాకు ఊళ్ళో పాఠాలు. ఆ మలుపుకి వెళ్ళేది సాయంత్రమే. ఏం, భయమా?"

"ఛ, ఛ! నాకెందుకు భయం?" అన్నాడు, మూడోసారి మంచినీళ్ళు తాగుతూ.

ఏడున్నరకి మరిది స్టీరింగ్ ముందు, ఆవిడ పక్క సీట్లో. అద్దాలు దించే ఉన్నాయి — చప్పుడు వినాలి కదా. వాలు దిగుతుంటే కారు వేగం అందుకుంది. గోడ దగ్గర పడింది... మలుపు వచ్చింది... మరిది ఎడమకి తిప్పాడు...

గర్ర్‌ర్‌ర్...

మరిది చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. తిప్పింది చాలక కారు ముళ్ళకంప మీదికే పోతోంది.

"తిప్పు!" అంది టీచరమ్మ. "ఇంకా... ఇంకా తిప్పు... చాలు, ఇక వదులు... వదిలెయ్... వదిలెయ్యమంటున్నానా!"

గోడ అవతల ధబ్బుమని ఏదో పడింది. ఆ వెంటనే ఒక కేక — "అమ్మో! వదిలేశాను తల్లీ! బీడీ, సారా అన్నీ వదిలేశాను!"

టీచరమ్మ తన వైపున్న బ్రేకు తొక్కేసింది. కారు ఆగింది.

గోడ మీదుగా ఒక మఫ్లర్ తలకాయ మెల్లగా లేచింది... టార్చి వెలిగింది... డిపో వాచ్‌మన్!

ఆయన కారుని చూశాడు. టీచరమ్మని చూశాడు. "ఇన్నాళ్ళూ... మీరా అమ్మా?" అన్నాడు.

ఆవిడ చేత్తో నెత్తి కొట్టుకుంది. రోజూ ఇదే వేళకి, ఇదే మలుపులో, శిష్యుల చెవిలో తను మొత్తుకునే మాటలే అవి!

మరిదికి మాత్రం ఇదేమీ పట్టలేదు. భయం దిగగానే లోపలి మెకానిక్ నిద్ర లేచాడు. "వదినా, గమనించావా? ఎడమకి తిరిగినప్పుడే అరిచింది. చక్రం తిన్నగా రాగానే ఊరుకుంది. ఎడమకి తిరిగితే బరువంతా కుడి ముందు చక్రం మీద పడుతుంది. దాని బేరింగే పోయింది. ఊళ్ళో నీ శిష్యులు నత్తల్లా నడుపుతారు, అరవదు. ఇక్కడ వాలు, వేగం... అందుకే ఇక్కడే పాట!"

మర్నాడు జాకీ ఎత్తి ఆ చక్రాన్ని చేత్తో తిప్పితే గరగరమంది. పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు పంటిలా కదిలింది. "ఇంకో నెల ఆగితే చక్రం తన దారి తను చూసుకునేది" అన్నాడు మరిది, కొత్త బేరింగ్ బిగిస్తూ.

అంతలో వాచ్‌మన్ షెడ్డుకి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"బాగు చేసేశారా అమ్మా? ఎంత పని చేశారు! దెయ్యం వచ్చిన దగ్గర్నుంచీ డిపోలో ఒక్క చెక్క పోలేదు. నేను హాయిగా నిద్రపోతున్నాను."

టీచరమ్మ పగలబడి నవ్వింది. మరిది పాత బేరింగ్‌ని కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఆవిడ కారు ఆ మలుపులో చడీచప్పుడూ లేకుండా తిరుగుతుంది. శిష్యులూ తిరిగొచ్చారు. దెయ్యం మాత్రం పోలేదని గోడ వెనక ఇళ్ళవాళ్ళు ఒట్టేసి చెబుతారు. చీకటి పడితే గర్ర్‌ర్ వినపడుతూనే ఉందట...

కాకపోతే, ఈ మధ్య ఆ ఆడదెయ్యం మధ్యమధ్యలో ఆగి, బీడీ దగ్గు దగ్గుతోందట.