గంజి పెట్టిన గుడ్డ దీపం

తెల్లకొండ రాజ్యం మీద ఒక ఉదయం పొగమంచు దిగింది. ఊళ్ళ చుట్టూ గోడలా నిలిచి, ఆరు నెలలైనా లేవలేదు. అందులో అడుగుపెట్టినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. రాజు రణధీరవర్మ తన పేరుకు తగ్గట్టు కోట తలుపులన్నీ బిగించుకుని, ధైర్యంగా లోపల కూర్చున్నాడు. మంచును తొలగించినవారికి సింహాసనం ఇచ్చేస్తానని గోడ మీదనుంచి చాటింపు వేయించాడు. ప్రమిదలు పట్టుకుని సైనికులు బయల్దేరారు. పదడుగుల్లో దీపాలు ఆరిపోయాయి. సైనికులు ఏమయ్యారో ఎవరికీ తెలియదు.

ఆ రాజ్యంలో సాలెవీధి చివర బంగారి అనే పదిహేనేళ్ళ పిల్ల ఉండేది. ఆమెకున్నది తల్లి గవరమ్మ ఒక్కతే. ఒకరోజు గవరమ్మ మగ్గానికెక్కించాల్సిన దారాలను వీధి పొడవునా సాగదీసి, గంజి పూస్తోంది. అవతలి గుంజ అప్పటికే మంచులో మునిగిపోయింది. దారాలు వదులయ్యాయని, గుంజ బిగించడానికి నాలుగడుగులు లోపలికి వేసింది. అంతే, మళ్ళీ రాలేదు.

బంగారి రెండు రోజులు ఎదురుచూసి, మూడో రోజున ఊరి పక్క కొండ కింద పన్నెండేళ్ళుగా తపస్సు చేస్తున్న ముని దగ్గరికి వెళ్ళింది.

"ఆ మంచు ప్రమిదను ఊదేస్తుంది, గాజును పగలగొడుతుంది. గుడ్డనొక్కదాన్నే ఏమీ చెయ్యలేదు," అన్నాడు ముని. "మీ అమ్మ కట్టిన చీరతో, ఇంట్లోనే, నీ చేత్తోనే దీపం కుట్టు. ఆ గుడ్డలో ఎవరి వాసనుంటే వాళ్ళ దగ్గరికే అది లాక్కెళుతుంది. దారిలో దాన్నే నమ్ము. చెవుల్ని నమ్మకు, అక్కడ మంచు కూడా మాట్లాడుతుంది."

"అమ్మకి నేను గుర్తుంటానా స్వామీ?"

"మంచు ఉండగానే చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చావంటే అన్నీ గుర్తుంటాయి. ఈలోగా మంచే పోయిందనుకో, లోపలున్నవాళ్ళ జ్ఞాపకాలు దాంతోపాటే పోతాయి."

బంగారి ఇంటికొచ్చి వెదురు బద్దలు చీల్చింది. వాటిని వంచి మూడు చుట్లు చేసి, దారంతో ఒకదాని కింద ఒకటి కట్టింది. అడుగున చిన్న ప్రమిద కూర్చోబెట్టి, పైన పొగ పోవడానికి కంత వదిలింది. ఇక గుడ్డ కావాలి. దండెం మీద, తల్లి తప్పిపోవడానికి ముందురోజు కట్టి విప్పిన ఆకుపచ్చ చీర ఉంది. సాలెవాళ్ళింట్లో మాసిన గుడ్డతో దీపం చేస్తారా? గంజి పెట్టని గుడ్డ వెన్నెముక లేని మనిషని గవరమ్మే రోజూ అనేది. కనుక బంగారి ఆ చీరను శుభ్రంగా ఉతికింది. చిక్కటి గంజిలో ముంచి ఆరేసింది. గుడ్డ బిర్రుగా నిలబడింది. చుట్ల మీద చుట్టి కుట్టేసి, ఆముదం పోసి వెలిగిస్తే ఆకుపచ్చ వెలుగు గదంతా పరుచుకుంది. అంత చక్కటి పని తను ఎప్పుడూ చెయ్యలేదు.

మంచులో అడుగుపెట్టగానే దీపం ముందుకు లాగింది. కొంతదూరంలో తాటిమానంత కొండచిలువ దారికడ్డంగా పడుకుని ఉంది.

"ఆర్పేసి నిన్ను తింటా," అంది అది.

"ముందు ఆర్పు, చూద్దాం," అంది బంగారి.

కొండచిలువ ఊదింది. గంజి పెట్టిన గుడ్డ డప్పులా మోగిందే గాని లోపల వత్తి కదల్లేదు. ఆయాసమొచ్చి పాము పక్కకు పొర్లింది. ఆ తర్వాత ముళ్ళపందుల గుంపు ఎదురైంది. అవి గుడ్డను చీల్చబోయి, ముళ్ళు వంకరపోయి వెళ్ళిపోయాయి. గంజి పెట్టడం ఎంత మంచిదైందో అనుకుంది బంగారి.

అప్పుడే ఎడమవైపునుంచి పిలుపు వినిపించింది. "బంగారీ? నువ్వేనా? ఇటు రావే తల్లీ, నాకు దారి తెలీడం లేదు."

బంగారి ఆగిపోయింది. దీపం కుడివైపుకు లాగుతోంది. ముని మాట గుర్తొచ్చింది. రెండు చెవులూ కొంగుతో బిగించుకుని కుడికే నడిచింది. పిలుపు చాలాసేపు వెంట వచ్చి, ఆగిపోయింది.

దీపం ఆమెను ఒక పొయ్యి ముందు నిలబెట్టింది. మూడు బండరాళ్ళ మీద కొండంత కుండ. అందులో అన్నం కుతకుత ఉడుకుతోంది. ఊళ్ళను చుట్టుముట్టిన మంచు ఆ కుండ ఆవిరే. కుంభోదరి అనే రాక్షసి తెడ్డుతో కలియబెడుతోంది. దీపం కుండ వైపు ఉరికింది. అప్పుడు తగిలింది బంగారికి గంజి వాసన. గుడ్డను ముక్కుకు ఆనించి చూసుకుంది. దానికీ అదే వాసన. అమ్మ వాసన ఇసుమంతైనా లేదు.

"గంజికొచ్చావా పాపా? గిన్నె తెచ్చుకోలేదేం?" అంది కుంభోదరి.

"మా అమ్మ కోసం వచ్చాను."

"ఇక్కడ అమ్మలెవరూ లేరు. దారిలో దాటేసి వచ్చుంటావు."

ప్రమిదలో ఆముదం అడుగంటింది. వెనక్కి పరుగెత్తినా వత్తి సగం దారి కూడా వెలగదు. రాక్షసి చెయ్యి చాచింది. బంగారి తన బలమంతా పెట్టి పొయ్యిరాయిని తన్నింది. కుండ ఒరిగి కుంభోదరి మీదే పగిలింది.

మంచు విడిపోయింది. ఆరు నెలల తర్వాత ఎండ కాసింది. మైదానమంతా జనం నిలబడి ఒకరినొకరు కొత్తగా చూసుకుంటున్నారు. సైనికులకు యుద్ధం గుర్తులేదు, లాభమేమైనా ఉంటే అదొక్కటే. గవరమ్మ తాను పిలిచిన చోటే కూర్చుని ఉంది. బంగారి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే మర్యాదగా లేచి, "ఎవరమ్మా మీరు?" అంది.

ఉతకొద్దని ఎందుకు చెప్పలేదని బంగారి మునిని నిలదీసింది. పన్నెండేళ్ళుగా ఒకే పంచెతో ఉన్న ఆ మహానుభావుడు, ఎవరైనా ఉతుకుతారని తనకు తోచనే లేదన్నాడు.

రణధీరవర్మ మాట మార్చాలని చూశాడు గాని, కోట చుట్టూ చేరిన జనాన్ని చూసి కిరీటం తీసిచ్చాడు. తల్లి కోసం వెళ్ళిన పిల్లను అందరూ రాజ్యం కోసం వెళ్ళిన వీరురాలన్నారు. కాదని బంగారి ఎవరికీ చెప్పలేదు. రాజ్యం మాత్రం బాగా ఏలింది.

గవరమ్మను కోటకు తెచ్చుకుంది. నువ్వు నా తల్లివని చెబితే, రాణులు చెప్పింది కాదనకూడదన్నట్టు తలూపేది ఆమె. ఒకరోజు చేతులు కట్టుకుని వచ్చి, "నన్ను ఊరికే కూర్చోబెట్టకండి మహారాణీ. ఏదైనా పని ఇప్పించండి," అంది.

బంగారి మగ్గం తెప్పించి, పక్కన కూర్చుని, తెగిన పోగును ఎలా కలపాలో చూపించింది.

గవరమ్మ ఆ ముడిని వేలితో తడిమి చూసింది. "కనబడనే కనబడదు. ఎవరు నేర్పారమ్మా మీకు?"

"మా అమ్మ."

"అదృష్టవంతురాలు," అంది గవరమ్మ.

బంగారి ఇంకో పోగు తెంపి ఆమె చేతికిచ్చింది.