ఆరు తీగల వీణ

“నువ్వు పెళ్ళి చేసుకోబోయే మనిషి దేశద్రోహి కావచ్చు, ఫిన్నీ,” అన్నాడు చీఫ్ నరసింగరావు.

2017 మే నెల. విజయనగరంలో విత్తనాల కంపెనీ బోర్డు వెనక కిటికీల్లేని గది. ఏసీ పని చెయ్యడం లేదు. దేశ రహస్యాలు కాపాడే ఆఫీసుకి ఒక ఏసీ మెకానిక్ దొరకడు, అదేం ఖర్మో.

“దీవెనా?” అన్నాడు ఏజెంట్ ఫిన్నీ.

“దీవెనే.”

ఇప్పటికి ఆరు మిషన్లలో ఫిన్నీ, దీవెన మొగుడూ పెళ్ళాలుగా నటించారు. రాయగడలో ఆర్నెల్లు దొంగ కాపురం చేశారు. గజపతినగరంలో పేలుతున్న గోడౌన్ నుంచి చేతులు పట్టుకుని పరిగెత్తారు. మిషన్ ముగిసిన మర్నాడు మాత్రం ఆఫీసులో ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటారు. వాళ్ళ మధ్య ఏముందో ఎవరికీ అర్థం కాదు. వాళ్ళకి అర్థమైతే కదా.

“శ్రీకాకుళం తీరంలో మన రాడార్ ఫ్రీక్వెన్సీ చార్ట్ దొంగిలించారు,” అన్నాడు చీఫ్. “విదేశీ ముఠా. చార్ట్ ఒక చిప్‌లో ఉంది. దీవెన మన ఆర్డర్ మీదే ఆ ముఠాలో చేరింది. వాళ్ళు తమ మనిషే అనుకుంటున్నారు. ఈమధ్య నాకూ అలాగే అనిపిస్తోంది.”

“ప్లాన్?”

“చిప్ మీ దొంగపెళ్ళి బహుమతిలో వస్తుంది. హనీమూన్ పేరు చెప్పి దీవెన సింగపూర్ పట్టుకెళ్ళాలి. తెచ్చేవాడి కోడ్‌నేమ్ మేనమామ. వాడి ముఖం చూసింది దీవెన ఒక్కతే, అరసవల్లి లాడ్జిలో. ముఠా పెద్దల దాకా వెళ్ళాలంటే మనకి చిప్ కాదు, వాడు కావాలి.”

“సిగ్నల్?”

“పాస్టర్ ‘నీకు ఇష్టమేనా’ అని అడుగుతాడు. వాడు చర్చిలో ఉంటే దీవెన ‘ఇష్టం లేదు’ అంటుంది. వెంటనే తలుపులు మూసేస్తాం. రాకపోతే ‘ఇష్టమే’ అంటుంది. భోంచేసి వచ్చేద్దాం.”

“వాడు ఉండగా ఇష్టమే అంటే?”

“అప్పుడు ఆమె వాళ్ళ మనిషి. చర్చి మెట్ల మీదే అరెస్ట్ చెయ్యి. చేస్తావా?”

“చేస్తాను,” అన్నాడు ఫిన్నీ. నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఏసీని తిట్టుకున్నాడు.

బొబ్బిలి పాస్టర్ ఏసుదానం గారికి సంగతంతా చెప్పారు. ఆయన మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదవడానికి ఒప్పుకుని, ఒక్క ముక్క తెగేసి చెప్పాడు. “నా ముందు ఇద్దరూ ఇష్టమే అంటే అది పెళ్ళే బాబూ. నాటకాలు నాకు తెలీవు.” ఫిన్నీ తల్లి ఎలీసమ్మకి మాత్రం ఏమీ చెప్పకూడదని ఆర్డర్. ఆవిడ పాపం మూడొందల మందికి భోజనాలు పురమాయించింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఫిన్నీకి తన ఉద్యోగం మీద అసహ్యం వేసేది.

పెళ్ళిరోజు ఉదయం పదిన్నర. చర్చి పక్కగదిలో దీవెన తెల్ల పట్టుచీరలో నిలబడి ఉంది. తల మీద సన్నటి ముసుగు, చేతిలో పూలగుత్తి, గుత్తి లోపల అరకిలో ట్రాన్స్‌మిటర్. ఫిన్నీ రెండు క్షణాలు చూసి, కళ్ళు బలవంతాన తిప్పుకున్నాడు.

“బావా, కోటు కింద తుపాకీ ఎత్తుగా కనపడతన్నాది,” అంది.

“ఎవులూ నేరిక్కడ. బావా గీవా అనకు.”

“అలవాటైపోనాది. నన్ను అరెస్ట్ సెయ్యమన్నారా?”

ఫిన్నీ ఉలిక్కిపడ్డాడు. “ఎవులు సెప్పారు?”

“నిన్ను అరెస్ట్ సెయ్యమని నాకూ సెప్పారులే. నువ్వే ద్రోహివేమో సూడమన్నారు.”

“నీకేటనిపిస్తాది?”

“ద్రోహం సెయ్యాలంటే తెలివుండాల,” అని ముసుగు సర్దుకుంది.

ఒళ్ళు మండిపోయి ఫిన్నీ బయటికొచ్చాడు. హాల్లో గోడవారన బహుమతుల బల్ల ఉంది. బొబ్బిలిలో పెళ్ళికి ఏం తెస్తారో వేరే చెప్పాలా? అద్దాల పెట్టెలో జానెడు వీణ. ఒకటి కాదు, పన్నెండు వీణలు వరసగా ఉన్నాయి. లోకల్ సరుకైతే ఎవరూ పట్టించుకోరని ముఠా కూడా అదే పంపింది కాబోలు. ఫిన్నీ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఒక్కో పెట్టె ముందు ఆగి తీగలు లెక్కపెట్టాడు. ఏడు. ఏడు. ఏడు. తొమ్మిదో వీణకి ఆరే ఉన్నాయి. గిటారు లెక్క చూసుకున్నారు వెధవలు.

“చిప్ వచ్చింది,” అని కోటు గుండీలోని మైక్‌లో గొణిగాడు.

“అయితే వాడూ వచ్చాడు,” చెవిలో చీఫ్ గొంతు. “ముట్టుకోకు. ఆమె ఏమంటుందో చూద్దాం.”

ఫిన్నీ వెళ్ళి దీవెన పక్కన నిలబడ్డాడు. ఇక అనుమానానికి తావు లేదు. వాడు హాల్లో ఉన్నాడు. ఆమె ఇష్టమే అంటే ద్రోహి. ఇష్టం లేదంటే మన మనిషి. ఆరేళ్ళుగా ఏ మాట కోసం చెవులు రిక్కించుకుని తిరిగాడో, ఇప్పుడు ఆ మాట రాకూడదని దేవుణ్ణి వేడుకోవాల్సి వచ్చింది. ఆ ప్రార్థన కూడా మనస్ఫూర్తిగా చెయ్యలేకపోయాడు.

“ఫిన్నీ, ఈమెను భార్యగా స్వీకరించడం నీకు ఇష్టమేనా?”

“ఇష్టమే,” అన్నాడు. నటించడం మర్చిపోయాడు.

“దీవెనా, ఇతన్ని భర్తగా స్వీకరించడం నీకు ఇష్టమేనా?”

ఆమె జనం వైపు ఒకసారి, ఫిన్నీ వైపు ఒకసారి చూసింది.

“ఇష్టం లేదు.”

మూడొందల మంది ఒక్కసారి గగ్గోలు పెట్టారు. ఫిన్నీ గుండె తేలికపడింది, వెంటనే బరువెక్కింది. తలుపులు ధడధడా మూసుకున్నాయి. స్తంభం వెనక నుంచి సఫారీ సూటు మనిషొకడు లేచి, తొమ్మిదో పెట్టె చంకలో పెట్టుకుని కిటికీ వైపు పరిగెత్తాడు. దారిలో ఎలీసమ్మ వాడి కాలరు దొరకబుచ్చుకుంది.

“పెళ్ళాగిపోతే ఇచ్చింది ఎనక్కి పట్టుకుపోతావేటిరా? సిగ్గు నేదా నీకు?”

వాడు పిస్తోలు తీసి ఆవిడ కణతకి ఆనించాడు. ఫిన్నీ తుపాకీ అద్దె కోటు లైనింగులో ఇరుక్కుపోయి రాలేదు. ట్రిగ్గర్ మీద వాడి వేలు బిగుస్తోంది. అప్పుడు దీవెన పూలగుత్తి విసిరింది. అరకిలో ట్రాన్స్‌మిటర్ వాడి ముక్కు పగలగొట్టింది. తూటా పైకప్పుకి తగిలింది. ఫిన్నీ మీదపడి వాడి చేతులు విరిచి కట్టేశాడు. వీణ బద్దలై, చిప్ ఎలీసమ్మ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ దాన్ని చూడలేదు. దీవెననే చూస్తోంది.

“నా పేణం కాపాడావు, బాగుంది,” అంది. “నా కొడుకులో ఏటి తక్కువైందే నీకు?”

దీవెన తల దించుకుంది. ఆమె తల దించుకోవడం ఫిన్నీ అదే మొదటిసారి చూడటం.

మధ్యాహ్నానికి మేనమామని వ్యాన్ ఎక్కించారు. చర్చి మెట్ల మీద ఇద్దరూ మెట్టుకొకరుగా కూర్చుని చల్లారిన బిర్యానీ తింటున్నారు.

“వాణ్ణి ఎప్పుడు గుర్తుపట్టావు?” అడిగాడు ఫిన్నీ.

“మీ అమ్మ పట్టుకున్నాక.”

“ఏటి?”

“స్తంభం ఎనకాల కూకున్నోడు నాకెలా కనపడతాడు? వాడు రానేదనే అనుకున్నాను.”

ఫిన్నీ చేతిలో ముద్ద ఆగిపోయింది. “రాకపోతే ఇష్టమే అనాల కదా. అదీ ఆర్డర్.”

“అనాల. అంటే నిజం పెళ్ళయిపోతాది.” దీవెన ప్లేటు పక్కన పెట్టింది. “ఆరుసార్లు ఆఫీసు సెప్పిందని నీతో కాపురం సేసాను. ఆ మాట కూడా ఆఫీసు సెప్పిందని అనడం నాకు ఇష్టం నేదు. అంతే.”

ఫిన్నీ ఆమె కూర్చున్న మెట్టు మీదికి జరిగాడు. ఆమె జరగలేదు.

“మరి ఆఫీసు సెప్పకుండా నేనడిగితే?”

“అడిగి సూడు.”

అతను నోరు తెరిచాడు. ఫోన్ మోగింది. స్పీకర్‌లో చీఫ్.

“శభాష్ ఇద్దరూ. ఎనిమిదో మిషన్, రేపే పలాసలో రిపోర్ట్ చెయ్యండి. పెళ్ళి చెడిపోయిందని జిల్లా అంతా తెలిసిపోయింది. మొగుడూ పెళ్ళాల కవర్ ఇక పనికిరాదు. ఈసారి మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళు.”

దీవెన లేచి చీర దులుపుకుంది.

“పద, అన్నియ్యా,” అంది. ఏడు మిషన్లలో ఫిన్నీకి తగిలిన దెబ్బలన్నిటిలోకీ అదే పెద్దది.