తేదీ లేని బొమ్మ

బంతీ బంతీ ఎగురవే
వంతెన మీద ఒక్కటి
వాకిట్లోన రెండోది…

మూడోది ఎక్కడ పడుతుందో ఓనుయికి ఎంతకీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని పాడిన పాట అది. ఇప్పుడు బొమ్మలు అచ్చువేసే చెర్రీ చెక్క ముందు కూర్చుని, సన్నటి ఉలితో ఆ తమ్ముడి బొమ్మకే నుదుటి మీద వెంట్రుకలు చెక్కుతూ గొణుక్కుంటోంది.

వాణ్ణి ఏడో ఏట కబుకి నాటకాలాడే నటుల ఇంటికి పెంపకానికిచ్చారు. అక్కడ వాడికి పెట్టిన పేరు కిరిసావా సొమెనోజో. ఆడవేషాల సొమెనోజో అంటే ఎడో నగరంలో తెలియనివాళ్ళు లేరు. అంతటివాడు ఇప్పుడు నది అవతల పరుపు మీంచి లేవడం లేదు.

పేరున్న నటుడు పోతే, శవం లేవకముందే అతని చావుబొమ్మ కాగితాల మీద అచ్చై అంగళ్ళలో వేలాడాలి. అందుకే అచ్చుబొమ్మల కొట్టు తొరాసుకె ముందుగానే పని అప్పజెప్పాడు. లేతనీలం బట్టలూ, జపమాలా, పోయాక పెట్టే పేరూ అన్నీ చెక్కించాడు. తేదీ కోసం మాత్రం రెండు వేళ్ళ వెడల్పు చెక్క ముట్టుకోకుండా ఉంచమన్నాడు. ఆ రోజు వచ్చాక అంకెలు అందులో చెక్కాలి.

“సొంత అక్క చెక్కిందంటే నీ తమ్ముడు మురిసిపోడూ, ఓనుయమ్మా?” అని నవ్వాడు కూడాను.

అతను వెళ్ళాక ఓనుయి ఆ రెండు వేళ్ళ చెక్కనూ తొలిచి పారేసింది. చెక్క లేనిచోట సిరా అంటదు. సిరా అంటకపోతే తేదీ లేదు. తేదీయే లేకపోతే చావెలా వస్తుందిలే అనుకుంది, పిచ్చి తల్లి.

రాలేదు మరి.

నాలుగోనాడు కబురొచ్చింది. వైద్యుడు నాడి లేదన్నాడట. శవానికి స్నానం చేయించబోతే, నీళ్ళు చల్లగా ఉన్నాయని ఆ శవమే అందట. ఆ మాటతో ఇల్లంతా ఖాళీ అయిపోయిందట.

ఓనుయి పట్టపగలే వెళ్ళింది. బయట ముసురు. తలుపు జరపగానే వాసన… ధూపం కింద దాగని, మాగిన చేప వాసన. ఈగల రొద. పరుపు మీద తమ్ముడు. ముఖాన తెల్లగుడ్డ. గుడ్డ కదలడం లేదు. ఊపిరి లేదు…

గుడ్డ కింద నుంచి మాట వచ్చింది.

“అక్కా… ఆ గుంట పూడ్చు.”

గుంట సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

“పూడిస్తే నువ్వు పోతావురా, నాన్నా.”

“కుళ్ళిపోతున్నానే… అంతా తెలుస్తోంది.”

ఇంటికి పరిగెత్తి చెక్క తెచ్చింది. తమ్ముడి పక్కనే కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గుంటలో కొత్త ముక్క ఒకటి అమర్చి సుత్తితో కొట్టింది. వాడికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు మెల్లగా కొట్టింది. నలభై దాటాక ఈ పనిలోనే నేర్చిన అక్షరాలు ఆమెవి. అద్దంలోలా తిరగేసినవి తప్ప రావు. ఐదో నెల. పంతొమ్మిదో రోజు. ఒక్కో గీతకీ గుడ్డ కింద ఏదో సడలుతున్న చప్పుడు. చివరి గీత తెగింది… గుడ్డ లోపలికి కుంగింది.

ఇంక మాట లేదు.

అక్కడి పద్ధతిన శవాన్ని చెక్క పీపాలో కూర్చోబెట్టి, గుడి వెనక పూడ్చారు. ఓనుయి ఏడ్చింది. తన ఉలితోనే పంపించానని ఏడ్చింది. వాడికి విడుదల దొరికిందని కూడా ఏడ్చింది.

మూడోనాడు తొరాసుకె, ఆ చెక్క తీసుకెళ్ళి అచ్చువేసిన కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. మొదటి వందా బాగానే వచ్చాయని, ఆ తర్వాతవాటిలో తేదీ దగ్గర తెల్లగా ఉందని గొణిగాడు. ముక్క వదులై, చెక్క కడిగిన నీళ్ళతో కాలవలోకి పోయిందట. పనివాళ్ళు ఎంత వెతికినా దొరకలేదట.

“నీ చేతిపని ఊడిపోవడం ఇదే మొదటిసారి, ఓనుయమ్మా. ఏం, కళ్ళు కనపడ్డం లేదా?”

ఆమె అప్పటికే వాకిలి దాటింది. వట్టికాళ్ళతో గుడి దాకా పరిగెత్తింది. తడిమట్టి మీద బోర్లా పడి చెవి ఆనించింది.

మొదట వాన చప్పుడే.

తర్వాత… అడుగున ఎక్కడో చెక్క మీద గోళ్ళు. ఆగి, ఆగి…

ఆపైన గొంతు. రంగస్థలం మీద పలికేలాంటి మెత్తని ఆడగొంతు.

“అక్కా… ఈసారి గట్టిగా కొట్టు.”